వడ్డించే చెయ్యి కోసం మిర్యాలగూడ దాకా

మా కర్రీ పాయింట్ మూతపడే రోజులు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ శనివారం మా వీధిలో కరెంటు లైన్ల పని ఉంది, సాయంత్రం దాకా సరఫరా ఉండదని ముందే చెప్పారు. గ్రైండర్ తిరగదు, ఫ్రిజ్ నడవదు. అదే రోజు మిర్యాలగూడలో మా చిన్నాన్న మనవడి ధోతి ఫంక్షన్ పడింది. రెండూ అలా కలిసివచ్చాయి కాబట్టి బయల్దేరాను గానీ, లేకపోతే నేను సూర్యాపేట దాటేదాన్ని కాదు.

అసలు కారణం వేరే ఉంది. షాపులో ఉండేది మా ఆయన, నేను, ఇద్దరమే. తెల్లవారకముందే నేను పొయ్యి వెలిగిస్తాను. ఆయన కౌంటర్ దగ్గర కూరలు కవర్లలో పోసి రబ్బరు బ్యాండ్లు వేస్తాడు. మధ్యాహ్నం గిన్నెలు ఖాళీ అయ్యాక అడుగున ఏది మిగిలితే అది నిలబడే తినడం నాకు అలవాటు. కొన్ని నెలలుగా అదీ లేదు. ఆకలి అనేది నాకు తెలియడం మానేసింది. తాలింపు వాసనకే కడుపు నిండిపోతుంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, రోగమేమీ లేదు, రెస్టు తీసుకోండి అన్నాడు. ఆ మందు ఏ మెడికల్ షాపులో అమ్ముతారో మాత్రం చెప్పలేదు.

షాపు గది ఓనర్ మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. అగ్రిమెంటు మళ్ళీ రాసుకుంటామా, ఖాళీ చేస్తామా, ఏదో ఒకటి చెప్పాలి. మా ఆయన ఆ భారం నా మీదే పెట్టాడు. "వండేది నువ్వు. నీతోని కాదంటె బంద్ పెడదాం. సాయంత్రం దాకా ఆలోచించి చెప్పు" అన్నాడు. ముప్పావు వంతు మనసు మానేయడానికే మొగ్గింది. మానేసే ముందు ఒక్క కోరిక మిగిలింది. నేను వండని అన్నం, కూర్చుని, వేడివేడిగా, ఎవరో వడ్డిస్తుంటే తినాలి. ఇంకొంచెం వెయ్యనా అని ఆ వడ్డించే మనిషి అడగాలి. అప్పటికీ ఆకలి వేయకపోతే ఇక పొయ్యి ఆర్పేయడమే. ఈ మాట చెబితే మా ఆయన నవ్వాడు. "ఫంక్షన్ల వడ్డించక ఏం జేస్తరు? పోయి కూసొని కడుపునిండ తిను" అన్నాడు.

ఆరున్నరకు బస్టాండ్ చేరాను. పక్కనున్న హోటల్లో ఇడ్లీ తిని చూద్దామని లోపలికి వెళ్తే, ముందు టోకెన్, తర్వాత క్యూ, తర్వాత మన ప్లేటు మనమే మోసుకుపోయి గుండ్రటి బల్ల దగ్గర నిలబడాలి. కుర్చీలు లేవా అని అడిగాను. కౌంటర్ అతను నన్ను చూడకుండానే "కూసుంటె లేవరమ్మా" అన్నాడు. టీ ఒక్కటి తాగి బయటికొచ్చాను. నిలబడి తినడానికి ఇంత దూరం రావాలా, ఆ సౌకర్యం నా షాపులోనే ఉంది.

మా అక్కను కూడా ఫంక్షన్‌కు వెంటబెట్టుకుపోవాలని ముందు కోదాడ బస్సెక్కాను, అది కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళకు బస్సు టికెట్ ఫ్రీ అయ్యాక మేమంతా ఇంట్లో ఎక్కువసేపు ఉండటం లేదని మా షాపుకొచ్చే మగవాళ్ళ ఫిర్యాదు. కండక్టర్ ఆధార్ కార్డు చూసి, జీరో టికెట్ చించి చేతిలో పెట్టాడు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఇనుప కడ్డీ పట్టుకుని ఊగుతూ, "పైసలిచ్చినోడు నిలబడాలె, ఇయ్యనోళ్ళు కూసోవాలె" అన్నాడు. "నేను గూడ నిలబడే ఉన్న గద అన్నా" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మరి నువ్వెందుకు నిలబడ్డవ్?" అన్నాడు. మునగాల దగ్గర ఒక సీటు ఖాళీ అయితే ఆయనే నన్ను కూర్చోమన్నాడు. మోకాళ్ళు అప్పటికే సలుపుతున్నాయి. హైవే పక్కన దాబాల ముందు లారీలు ఆగి ఉన్నాయి, మంచాల మీద డ్రైవర్లు పరాఠాలు తింటున్నారు. ఒక సర్వర్ వాళ్ళ చుట్టూ బకెట్‌తో తిరుగుతూ ఏదో అడిగి మరీ వేస్తున్నాడు. బస్సు ఆగకుండా పోయింది.

ఎనిమిది దాటాక కోదాడలో దిగాను. మా అక్క ఇల్లు బస్టాండుకు నడిచేంత దూరమే. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఊళ్ళోనే ఉండటంతో దాని మాట సగం ఆంధ్రా మాట అయిపోయింది. తలుపు తీస్తూనే, "ఏంటే అంత చిక్కిపోయావు? గోంగూర తెచ్చావా?" అని ఒకే ఊపిరిలో అడిగింది. తెచ్చాను. ముందురోజు షాపులో చేసిందే, కవరుకు రబ్బరు బ్యాండ్ కూడా అలాగే ఉంది. అక్క నా ముందు ఉప్మా ప్లేటు పెట్టింది, ఎదురుగా కూర్చుని తన ఉప్మాలో నా గోంగూర కలుపుకుని కళ్ళు మూసుకుని తినడం మొదలుపెట్టింది. కూర్చోవడం కుదిరింది, ఉప్మా వేడిగానే ఉంది. నేను రెండు చెంచాలు తిని ఆగిపోయాను. ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతుందేమోనని చూశాను. అది తలెత్తి, "ఇంకొంచెం ఉందా ఈ పచ్చడి?" అంది.

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్ మీదుగా వెళుతుంది. పదింటికి దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగిన ఒకే ఒక పనికొచ్చే మాట ఏమిటంటే, ఎడమవైపు కూర్చోకండి. పొద్దున సూర్యాపేటలో ఎక్కినప్పటి నుంచి సాయంత్రం తిరిగి దిగేదాకా ఎండ నన్ను ఎడమవైపు నుంచే కొట్టింది. కోతల కాలం కావడంతో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోశారు, డ్రైవర్ మిగిలిన సగంలోనే జాగ్రత్తగా పోనిచ్చాడు. అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నాకూ నిద్ర కావాలి, కానీ ఎవరో ఒకరు దిగేచోటు చూసుకోవాలి కదా, ఆ పని ఎప్పుడూ నాకే వస్తుంది. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు వరుసకట్టి కనిపించాయి. తవుడు వాసన, వాడపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల దుమ్ము కలిసి బస్సులోకి కొట్టాయి.

ఫంక్షన్ హాలుకు ఆటోలో పన్నెండున్నరకు చేరాం. పిల్లవాడు పంచె జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని స్టేజీ మీద కూర్చున్నాడు. అక్షింతలు వేసి, కవరు ఇచ్చి, ఫొటో దిగాం. నా కళ్ళు మాత్రం భోజనాల హాలు వైపే ఉన్నాయి. పొడవాటి బల్లలు, వాటి ముందు కుర్చీలు, విస్తళ్ళు, బకెట్ పట్టుకుని వరుస వెంట నడిచే మనుషులు అక్కడ ఉంటారనుకుంటూ తలుపు తీశాను. బఫే. మెరుగు పెట్టిన స్టీలు పాత్రల ముందు ప్లేట్లు పట్టుకుని జనం బారులు తీరారు. కుర్చీలు గోడవారగా పెద్దవాళ్ళకు నాలుగైదు వేశారు, వాటి మీద హ్యాండ్‌బ్యాగులు కూర్చున్నాయి.

ఏడుపు వచ్చినంత పనయింది. సరే, ఇంతదూరం వచ్చాం కదా అని ప్లేటు తీసుకున్నాను. అంతలో మా చిన్నాన్న కొడుకు, అంటే పిల్లవాడి తండ్రి, చెమటలు కక్కుతూ వచ్చాడు. "అక్కా, దేవునోలె వచ్చినవ్. క్యాటరింగోళ్ళకు ఇద్దరు మనుషులు తక్కువ పడ్డరు. జర బగారన్నం కాడ నిలబడరాదే, నీకలవాటే గద" అన్నాడు. కాదనడానికి నోరు తెరిచేలోపు నా చేతిలో ప్లేటు పోయి గరిటె వచ్చింది.

గంటన్నర నిలబడ్డాను. బగారన్నం, పక్కన మటన్, దాని పక్కన పచ్చిపులుసు. వచ్చినవాళ్ళకల్లా వేశాను. నా నోరు తన అలవాటు మానలేదు, ఇంకొంచెం వెయ్యనా అని ప్రతి ఒక్కరినీ అడుగుతూనే ఉంది. అక్క మూడుసార్లు వచ్చింది. మూడోసారి, "నువ్వెప్పుడు తింటావే?" అంది. "తింట, పో" అన్నాను. జనం పలచబడేసరికి ఆ మసాలా వాసన నా తల దాకా ఎక్కింది, మెతుకు ముట్టాలంటే మనసు రాలేదు. మంచినీళ్ళు తాగి చెప్పులు వేసుకున్నాను. నా బతుకింతేలే అనిపించింది. మానేస్తున్నామని ఓనర్‌కు చెప్పేయమని బస్టాండుకు పోతూ ఆటోలోంచే మా ఆయనకు ఫోన్ చేయబోయాను, ఆ చప్పుడుకు వినపడదని ఆగాను.

బస్టాండులో అక్క కోదాడ బస్సెక్కింది. ఎక్కుతూ, "మటన్ బాగుంది, బగారాలో ఉప్పు తగ్గింది" అంది, నేనే వండినట్టు. నాలుగింటికి నాకు సూర్యాపేట బస్సు దొరికింది. మళ్ళీ ఎడమవైపే. పక్కన అరవై దాటిన ఒకావిడ కూర్చుంది, ఒళ్ళో గుడ్డసంచి. ఫోన్లో ఎవరితోనో లంబాడీలో మాట్లాడుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి తెలుగులో, "ఏడికి బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. వాళ్ళది చివ్వెంల దగ్గర తండా. చెల్లెలికి మిర్యాలగూడలో ఆపరేషన్ అయితే చూసి వస్తోంది.

"జొన్నరొట్టెలంటె దానికి పాణం. చీకట్ల లేచి చేసుకొని పోయిన. ఇయ్యాల నీళ్ళు తప్ప ఏం పెట్టొద్దన్నరు" అంది. తర్వాత సంచి మీద చెయ్యి వేసి, "వండుకపోయిన బువ్వ మళ్ళ ఇంటికి మోసుకొచ్చుడు పాణానికి మంచిగ లేదు" అని కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ బరువు నాకు తెలుసు. మధ్యాహ్నం మూడు దాటినా గిన్నెలో పప్పు మిగిలిపోయిన రోజు మా ఆయన లెక్కల గురించి దిగులు పడతాడు. నాకు మాత్రం అది ఎవరో నా ఇంటిదాకా వచ్చి తినకుండా పోయినట్టు ఉంటుంది. "మీరన్న తినుండ్రి అమ్మా" అన్నాను.

"నాకొక్కదానికి మింగుడు పడుతలేదు. నువ్వు తింటవా?"

వద్దనబోయాను. ఆవిడ ముఖం చూసి చెయ్యి చాపాను. డబ్బా మూత తీసి రొట్టె తుంచి, దాని మీద పచ్చిమిర్చి కారం, ఉల్లిగడ్డ ముక్క పెట్టి ఇచ్చింది. చల్లారిపోయిన రొట్టె, అంచులు గట్టిపడ్డాయి. మొదటి ముక్క మర్యాదకు తిన్నాను. కారంలో ఉప్పు ఒక పలుకు ఎక్కువైందని నాలుక చెప్పింది, అది దాని ఉద్యోగం. రెండో ముక్కకు నోట్లో నీళ్ళూరాయి. బస్సు గుంతలో పడి ఎగిరింది, నా చేతిలోని ఉల్లిగడ్డ ముందు సీటు కిందికి దొర్లిపోయింది, దాని వెనక వంగి వెతకాలనిపించేంత ఆశ పుట్టింది. అప్పుడు తెలిసింది నాకు, కడుపులో కాలుతున్నది ఆకలి అని. నెలల తర్వాత వచ్చింది, అదీ గోల చేసుకుంటూ వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిర్చి ఘాటు కూడా ఉందనుకోండి.

ఆవిడ నా చేతి వైపే చూస్తోంది. ఖాళీ కాగానే, "ఇంకింత పెట్టాల్నా బిడ్డా?" అంది.

"పెట్టమ్మా" అన్నాను.

రెండు రొట్టెలు తిన్నాను. మిగిలింది ఆవిడ కూడా తింది. నేను తింటుంటే తనకూ సయించిందట. ఖాళీ డబ్బా మూత పెట్టి, "ఇగ మంచిగుంది" అని కళ్ళు మూసుకుంది. ఎండ అప్పటికి వాలిపోయింది. కాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నిద్రలేని కళ్ళు మండుతూనే ఉన్నాయి, పొద్దున బయల్దేరినప్పటికంటే ఇంకా ఎక్కువగా అలసిపోయాను. వేడిగా తినలేదు, విస్తరి లేదు, కుదుపుల్లో కూర్చోవడాన్ని కూర్చోవడం అనలేం. అయినా నాకు ఏ లోటూ తోచలేదు. అంత సుఖంగా అన్నం తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

ఊరు ఇంకో పావుగంట ఉందనగా మా ఆయన ఫోన్ చేశాడు. "కరెంటొచ్చింది. ఓనర్‌కు ఏం చెప్పాలె?"

"ఉంచుకుంటమని చెప్పు" అన్నాను. "ఇంకో మాట. రేపటి సంది షట్టర్ ఎత్తకముందు మొదటి ప్లేటు నాది. కూసొని తింట. నువ్వు ఎయ్యాలె."

షట్టర్ ఎత్తడం ఎంత ఆలస్యమవుతుందోనని మనసులో లెక్క వేసే ఉంటాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇంకింత ఎయ్యాల్నా అని గూడ అడగాల్నా?"

"అడగాలె" అన్నాను.

"సరే. రేపు ఏం కూర చేస్తవ్?"

సూర్యాపేట రాగానే పక్కావిడ మేల్కొని సంచి భుజానికి తగిలించుకుంది. మొదట తినేది ఎలాగూ నేనే కాబట్టి, నాకేం తినాలనిపిస్తుందో చాలా రోజుల తర్వాత ఆలోచించుకుంటూ బస్సు దిగాను.