అమ్మ చాయ్‌లో నాయన గోలీ

మొన్న ఉప్పల్ దవాఖానాలో నర్సు నా చేతికి బీపీ పట్టీ బిగిస్తుంటే చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయనకు బీపీ ఎక్కువుందని డాక్టర్ చెప్పి, రోజూ వేసుకొమ్మని గోలీలు రాశాడు. బీపీ అంటే కోపమనే నాకు తెలుసు. నాయన ఏనాడూ గొంతు పెంచేవాడు కాదు, ఇంట్లో అరిచేది అమ్మే. డాక్టర్ పొరబడ్డాడనుకొని, నాయన గోలీ నలిపి అమ్మ చాయ్‌లో కలిపాను.

అమ్మ ఒక గుక్క తాగి, "ఏందే, గింత చేదున్నది?" అంది.

"నీ బీపీ గోలీ అమ్మా."

నాయన గ్లాసు లాక్కొని, "అమ్మ పానం తీస్తవా?" అని ఇల్లదిరేలా అరిచాడు.

అయితే డాక్టర్ చెప్పిందే నిజమా అని తికమకపడ్డాను.

ఒక్క గుక్కే కాబట్టి అమ్మకేమీ కాలేదు. బీపీ చప్పుడు లేకుండా పెరుగుతుందని తర్వాత బళ్లో చదువుకున్నాను. నాయన ఆ రోజు అరిచింది కోపంతో కాదని మాత్రం, నేను తల్లినయ్యాకే తెలిసింది.