స్క్రీన్ మీద వచ్చిన నెంబరు

మా ఆఫీసు కంప్యూటర్లకు ఏ యాంటీవైరస్ కొనాల్నో తేల్చే పని నా మీద పడ్డది. ఎందుకంటే ప్రింటర్ల కాయితం ఇరుక్కుంటే తీసేది నేనే.

పటాన్‌చెరుల రబ్బరు వాషర్లు చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. మాది అంటే సేటుది. నేను ఆఫీసుల బిల్లులు కొడ్త. ఒకనాడు పొద్దున వచ్చి చూస్తే డ్రాయింగులున్న ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూసున్నయి. ఏది నొక్కినా తెరుచుకోదు. ఎవరిదో పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ వచ్చిందని రిపేరాయన చెప్పి, తంటాలు పడి ఫైళ్లు బయటికి తీసిండు.

"మన దగ్గర ఏముందని వచ్చింది?" అన్నడు సేటు. జెరసేపు నిజంగనే ఆలోచించిండు. తర్వాత నన్ను పిలిచి, "మంచిదేదో అడిగి చెప్పమ్మా. మీ ఇంట్ల కూడ అదే ఏసుకో, నీకు అలవాటయితది," అన్నడు.

అడుగుడు మొదలువెట్టిన. షాపాయన డబ్బా మీద డాలు బొమ్మ పెద్దగున్నది తీసుకొమ్మన్నడు. సేటు బామ్మర్ది ఫ్రీది చాలన్నడు. ఆయన కంప్యూటర్ ఎప్పుడు చూసినా రిపేరుల ఉంటది. మా సూపర్‌వైజర్ అయితే నెట్ వైరు పీకేస్తే ఏ రోగం రాదన్నడు. అందరిల ఆయన మాటే నాకు నచ్చింది గని, మెయిల్ రాకుంటే ఆర్డర్లు రావు.

ఆ ఆదివారం కిష్టారెడ్డిపేటల మా ఫ్లాట్ల కూసొని, ఏ యాంటీవైరస్ మంచిదని నెట్టుల వెతికిన. ఒక సైటు నొక్కితే ఎంతకూ తెరుచుకోలే. అట్లనే వదిలి కూరగాయలకు పోయిన. నేను పోయినంక మా మామ పాటలు విందామని కంప్యూటర్ ముంగట కూసున్నడంట.

మామ ఫ్యాక్టరీల లేతు మిషన్ మీద పనిచేసి రిటైరయిండు. బీహార్, ఒడిశా నుంచి వచ్చినోళ్లతోటి ఏండ్లకేండ్లు కలిసి పనిచేసిండు కాబట్టి హిందీ మంచిగ మాట్లాడ్తడు. ఆయన కూసోంగనే స్క్రీన్ ఎర్రగయి, సైరన్ మోగి, మీ కంప్యూటర్ల వైరస్ ఉన్నది, వెంటనే ఈ నెంబరుకు ఫోన్ చేయుండ్రి అని వచ్చిందంట. చేయమన్నరు కాబట్టి చేసిండు.

నేను సంచులతోటి లోపలికొచ్చేసరికి ఫోను స్పీకర్ల ఉన్నది. అవుతల ఒక పిలగాడు ఏదో సాఫ్ట్‌వేర్ పేరు టైపు చేయమని హిందీల బతిమాలుతుండు. అది దించితే మన కంప్యూటర్ వాని చేతిలకు పోతది. మా బిడ్డ ఆటలాడి ఆడి కీబోర్డు మీద అక్షరాలు ఎన్నడో చెరిగిపోయినయి.

"డి ఏడుంటది బేటా?" అని అడుగుతుండు మామ.

"ఎస్ పక్కన, చాచా."

"ఎస్ పోయింది. దాని పక్కన ఏ కూడ పోయింది."

అవుతల పెద్దగ ఊపిరి ఇడిసిన సప్పుడు.

"సరే గని, మీ కంపెనీల పీఎఫ్ కడ్తరా?"

"లేదు చాచా. మీరు అక్షరం కొట్టుండ్రి."

"ఈఎస్ఐ?"

"లేదు."

"ఆదివారం పనికి డబుల్ ఇస్తరా?"

"డి కొట్టుండ్రి చాచా."

"అదేం కంపెనీ బేటా?" మామకు నిజంగనే కోపమొచ్చింది.

నేను సంచులు ఆడనే పడేసి, పోయి నెట్ వైరు పీకిన. "మామా, వాడు దొంగ," అన్న. మెల్లగ అనాల్సింది, గట్టిగనే అన్న. మామ నా దిక్కు చూసిండు, ఫోను దిక్కు చూసిండు. కట్ చేస్తడనుకున్న.

"మా కోడలు వచ్చింది. నువ్వు దొంగవంటున్నది," అన్నడు ఫోన్ల, మామూలుగ. "అది పక్కకు పెట్టు. ఆమె ఆఫీసుకు, ఇంటికి యాంటీవైరస్ కొనాలె. నువ్వు ఈ లైన్ల ఉన్నోనివి. ఏది మంచిది?"

వాని వెనక చాలామంది ఒక్కసారే మాట్లాడుతున్న లొల్లి వచ్చింది. తర్వాత పిలగాడు గొంతు తగ్గించిండు.

"పేరున్నది ఏదైనా పర్వాలేదు చాచా. అప్‌డేట్ ఆపొద్దు. ఎవరి పెన్‌డ్రైవ్ పడితే వాళ్లది పెట్టనియ్యొద్దు. ఇగ స్క్రీన్ మీద నెంబరొస్తే మాత్రం ఫోన్ చేయకుండ్రి."

ఫోన్ కట్టయింది.

ఆ కంప్యూటర్ల మా ఆయన బ్యాంకు పని మొత్తం నడుస్తది. అది యాదికొచ్చి ఆయనను పిలిచిన. పాస్‌వర్డులన్నీ మార్చినం. ఏం దిగలేదని రిపేరాయన చూసి చెప్పినంకనే పానం కుదుటపడ్డది. కంప్యూటర్‌తోటి వచ్చిన యాంటీవైరస్ ఇంట్ల ముందు నుంచే ఉన్నదంట, ఎవరో ఆపి పెట్టిండ్రు. దాన్నే ఆన్ చేసి, అప్‌డేట్ పెట్టిన.

ఆఫీసుకు మాత్రం, అన్ని కంప్యూటర్లను ఒక్కకాడ నుంచి చూసుకునేటిది కొందామని సేటుకు చెప్పిన. ఎవరి పెన్‌డ్రైవైనా ముందుగల నా దగ్గర చూపించాలె అని కూడ చెప్పిన.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అని అడిగిండు.

"ఆ లైన్ల పనిచేసేటాయన, సార్."

"అనుభవమున్నోడేనా?"

"రోజూ అదే పని సార్."

సేటు ఖుషీగ తలూపిండు. కొత్తది ఏసినంక మొట్టమొదటగ ఎర్రగ అరిసింది ఆయన పెన్‌డ్రైవ్ చూసే. యాంటీవైరస్ సరిగ పనిచేస్తలేదేమో, జెర కంపెనీకి ఫోన్ చేసి అడుగుమన్నడు.

ఇంట్ల మామ మాత్రం ఆ పిలగాన్ని మర్చిపోలే. కొల్లూరు దిక్కు ప్యాకింగ్ యూనిట్ల ఆయన పాత దోస్తు ఒకాయన ఉన్నడు. హెల్పర్లు కావాలె, ఎవరన్న ఉంటే చెప్పుమన్నడంట. ఆ పిలగాన్ని ఆడ పనికి పెట్టిద్దామని, మామ నాకు తెల్వకుండ స్క్రీన్ మీద వచ్చిన ఆ నెంబరుకు ఫోన్ చేసిండు. కలుస్తలేదు.

"ఆ పని ఇడిసిపెట్టిండేమో," అన్నడు పొద్దుమీకి చాయ్ తాగుకుంట.

గసుంటోళ్లు నెంబర్లు మారుస్తనే ఉంటరని నేను చెప్పలే.

"కావొచ్చు మామా," అన్న.