సీరియల్ చూస్తూ తిన్న ఉగ్గాని

మా ఊళ్లో టీ హోటల్ నడిపే ఆమె రోజూ సాయంత్రం ఏడు గంటలకు టీవీ ముందు కూర్చుని ఏడ్చేది. నేను హోటల్ బయట బండమీద కూర్చుని, కిటికీలోంచి కొంత టీవీనీ, కొంత ఆమె ఏడుపునీ చూసేవాణ్ణి. బయటెందుకంటే మాది మాదిగగేరి. చిన్నప్పుడు ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిలకు తోలు బానలు కుట్టాను. మోటార్లు వచ్చి ఆ పని పోయాక పత్తికొండ మార్కెట్లో టమాటా గంపలు మోశాను. బడికి పోలేదు. అంగట్లో పప్పూ బెల్లమూ కట్టిచ్చిన కాగితాలు విప్పి, వాళ్లనూ వీళ్లనూ అడిగి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ రాత ఆ చదువే.

హోటల్లో లోపల కూర్చునేవాళ్లకు స్టీలు గ్లాసు. మాకు ఒకప్పుడు చూరులో పెట్టిన గాజు గ్లాసు ఉండేది. తాగి, మేమే కడిగి, మళ్లీ చూరులో పెట్టాలి. రెండువేల సంవత్సరం దాటాక ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. చూరులో గ్లాసు పోయింది, స్టీలు గ్లాసులు మాత్రం లోపలే ఉన్నాయి. ఇది సుఖం కదరా, కడిగే పని తప్పింది అని ఆమె నాతో అంది. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను రా అనేది, ఒరే అనేది. నేను ఆమెను అమ్మా అనేవాణ్ణి. మా నాన్న ఆమె నాన్నతో కూడా అట్లే మాట్లాడాడు. ఊళ్లో మగవాళ్లు ఒకరినొకరు ఏమప్పా అని పిలుచుకుంటారు. గేరి వాణ్ణి అట్లా పిలవరు. నాకు అరవై దాటినా అప్పా అనే ఆ రెండక్షరాలు దక్కలేదు.

ఇక సీరియల్ సంగతి. ఒక తక్కువ కులపు నర్సమ్మ ఒక పల్లెకు వస్తుంది. పెద్దింటాయన ఆమెను గడప తొక్కనివ్వడు. ఆయన కోడలు నిండు చూలాలు. రేపోమాపో కాన్పు. నర్సమ్మ ఆ బిడ్డను పట్టాలా, వద్దా? దీన్ని నెలల తరబడి సాగదీశారు. ఆ పల్లెలో ఎక్కడ చూసినా కొబ్బరిచెట్లే. ఆ నర్సమ్మ ఎంత తిరిగినా చీర నలగదు. అదంతా పోనీ. నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. ఆ పల్లెలో చెడ్డవాడు ఒక్కడే. వాడు మారితే ఊరంతా బాగైపోతుంది. మా ఊళ్లో చెడ్డవాడంటూ ఎవడూ లేడు. అందరూ మంచివాళ్లే. జ్వరమొస్తే మాత్ర ఇస్తారు, చావుకు వచ్చి దూరంగా నిలబడి కండ్లనీళ్లు పెట్టుకుంటారు. ఎవణ్ణి మార్చాలి?

ఆ పెద్దింటాయన తెరమీద కనపడగానే హోటలామె, "వీని నోట్లో మన్ను పడ! ఆ పిల్ల చేతికేమి పురుగులు పట్టిండాయా?" అనేది. లోపలున్నవాళ్లంతా ఔనౌననేవాళ్లు. నేను ప్లాస్టిక్ కప్పు పట్టుకుని బయట వినేవాణ్ణి.

అప్పుడే బళ్లలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టడం మొదలైంది. వంట పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఇచ్చారు. మా ఊళ్లో అది మా గేరి సంఘానికి వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడింది నా కోడలు. నా కొడుకు పోయాక ఇద్దరు పిల్లల్ని సాకుతున్నది ఆమే. మొదటి రోజు గంట కొట్టగానే మా గేరి పిల్లలు మాత్రమే ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. మిగిలినవాళ్లు ఇండ్లకు పోయారు. రెండో రోజూ అంతే. హోటలామె మనవరాలు అదే బడి. ఆ పిల్ల పోతూ పోతూ అన్నం గంగాళం వైపు తిరిగి తిరిగి చూసేదట. హెడ్మాస్టరు కోడలిని పిలిచి, నెలాఖరుకల్లా ఊరి పిల్లలు కూర్చోకపోతే వంట వేరే సంఘానికి ఇవ్వక తప్పదన్నాడు. ఆయనా మంచివాడే. తన చేతిలో ఏమీ లేదన్నాడు.

నెలాఖరుకు పది రోజులుందనగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మా గేరి కాలనీకి కరెంటు లైను వేరు, మాకు బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రమే సీరియల్లో కాన్పు. నా కోడలికి ఒక పాత టీవీ ఉంది. ఏడు కాకముందే ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే మా వీధి మొదట్లోకి వచ్చి, ఏదో పనిమీద వచ్చినట్టు నిలబడ్డారు. హోటలామె మనవరాలి చెయ్యి పట్టుకుని మా ఇంటి ముందు నిలబడింది. లోపలికి రాదు, పోదు. కిటికీలోంచి తొంగి చూస్తున్నది. నేను ఇంట్లో ఉన్నాను. ఆమె వీధిలో ఉంది. నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండింది.

కోడలు టీవీని గడప వైపు తిప్పింది. వాకిట్లో చాపలు పరిచింది. బొమ్మ బాగా కనపడుతుందని వాకిలి బల్బు ఆర్పేసింది. అందరూ కూర్చున్నారు. మా రాత్రి తిండికని ఆమె ఉగ్గాని చేసింది. నానబెట్టిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పైన పుట్నాల పొడి. దాన్ని పెద్ద తాంబాళంలో పోసి, చాపల నడుమ పెట్టి, పక్కకు పోయి నిలబడింది.

తెరమీద కోడలు నొప్పులతో అరుస్తున్నది. నర్సమ్మ గడప దగ్గర నిలబడింది. పెద్దింటాయన అడ్డం. నేను టీవీ చూడడం మానేసి తాంబాళం చూశాను. మొదట మనవరాలి చెయ్యి వచ్చింది. తర్వాత ఇంకొక చెయ్యి. తర్వాత గాజుల చెయ్యి, అది హోటలామెది. కండ్లు తెరమీద, చెయ్యి తాంబాళంలో. నర్సమ్మ బిడ్డను ఎత్తేసరికి తాంబాళం అడుగు కనపడింది.

ఎవరి ఇంట్లో, ఎవరి చేతిది తిన్నారో అడగాలని నోరు తెరిచాను. కోడలు నా పక్కకు వచ్చి నా కండువా కొస పట్టుకుంది.

"నోరు తెరవాకు మామా. నువ్వు అడిగితివంటే వీళ్లు ఊసేస్తారు. తిన్నది కడుపులో ఉండనీ."

ఎన్నో మాటలు మింగినవాణ్ణి. అంత చేదుగా ఉన్నది మాత్రం అదే. వాళ్లు కండ్లు తుడుచుకుంటూ లేచి పోయారు. చేతులు కడుక్కోవడానికి కూడా నీళ్లు అడగలేదు.

ఊరికి కరెంటు మళ్లీ వచ్చింది. ఉగ్గాని తిన్న మూడో రోజు మధ్యాహ్నం హోటలామె మనవరాలు ప్లేటు పట్టుకుని మా పిల్లల పక్కన కూర్చుంది. సాయంత్రం హోటల్లో అవ్వ ఆ పిల్లను తిట్టడం బండమీదినుంచి విన్నాను. ఆ పిల్ల ఒక్కటే మాట అంది.

"ఆ పొద్దు నువ్వూ తింటివి కదవ్వా, నాకన్నా ఎక్కువ?"

ఆ రోజు చాపలమీద కూర్చున్నవాళ్లు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు టీవీ వైపు చూశారు. అప్పుడు వస్తున్నది సబ్బు ప్రకటన. మరుసటి రోజు ఆ ఇద్దరు ముగ్గురి పిల్లలూ కూర్చున్నారు. నెలాఖరుకు ఊరి పిల్లలు సగం మంది బంతిలో ఉన్నారు. మిగతా సగం ఏళ్లు పట్టింది, కొందరు అసలు కూర్చోనేలేదు. వంట మాత్రం నా కోడలి దగ్గరే నిలిచింది.

ఆ సంగతి ఊళ్లో ఎవరూ ఎత్తలేదు. మారామనీ అనలేదు, తప్పయిందనీ అనలేదు. సీరియల్లో అయితే పెద్దింటాయన నర్సమ్మ కాళ్లమీద పడ్డాడు. ఇక్కడ ఎవరూ పడలేదు. పడమని మేమూ అడగలేదు.

సీరియల్ అయిపోయి అత్తాకోడళ్ల కొట్లాటల కథ ఇంకొకటి మొదలయ్యాక, ఒక సాయంత్రం హోటలామె ప్లాస్టిక్ కప్పులో టీ పోసి ఇస్తూ గొంతు తగ్గించింది.

"ఆ పొద్దు ఉగ్గానిలోకి మీ కోడలు పొడి ఎట్ల కొట్టిందప్పా? నాది అట్ల రాలేదు."

అప్పా అంది. అరవై ఏండ్లు రాని మాట, ఉగ్గాని పొడి కోసం వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కప్పు వేడిగా ఉంది. నాకు సంతోషం కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధం.

"నాకేం తెల్సునమ్మా. ఇంటికొచ్చి ఆమెనే అడుగు," అన్నాను.

ఆమె వచ్చింది. గడప బయటే నిలబడి అడిగింది. కోడలు పుట్నాలతోపాటు వేయించిన ఎండుమిరప, రెండు వెల్లుల్లి రెబ్బలు అని చెప్పి, లోపలికి రమ్మంది. ఇంకొక రోజు వస్తానని ఆమె పోయింది. ఆ రోజు నుంచి నేను టీకి పోయినప్పుడల్లా ఇంటినుంచి మా స్టీలు గ్లాసు తీసుకుపోయి ఆమె ముందు పెడుతున్నాను. ఆమె అందులోనే పోస్తుంది.