బెల్లానికి బెల్టు

1985 జూన్‌లో నన్ను అసిస్టెంట్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వరంగల్‌లో వేశారు. ఈ పొడుగాటి హోదా ఎవరి నోటా పలికేది కాదు. జనానికి నేను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని. లైసెన్సు పరీక్షలు పెట్టడం, బండ్లకు ఫిట్‌నెస్ ఇవ్వడం, ప్రమాదం జరిగితే బండిని తనిఖీ చేసి రిపోర్టు రాయడం నా పని.

ఆ రిపోర్టులు రాసీ రాసీ ఒకటి గమనించాను. టౌనులో గుద్దుకోవడాలు ఎక్కువ, చావులు తక్కువ. హన్మకొండ చౌరస్తాలో రిక్షాల నడుమ ఎవరైనా ఎంత జోరుగా పోగలరు? సొట్టలు పడేవి, తిట్లు పడేవి, అంతే. వర్ధన్నపేట దాటాక రోడ్డు ఖాళీ, కాలు యాక్సిలరేటరు మీద, దవాఖాన దూరం. అక్కడికి నన్ను పిలిచారంటే చాలాసార్లు మనిషి పోయినట్టే.

మరుసటి ఏడాది మొదట్లో ఒక సర్కారు శాఖకు విదేశీ సాయం కింద కొత్త జీపు వచ్చింది. ముందు రెండు సీట్లకూ బెల్టులు! మా ఆఫీసంతా వరసగా ఎక్కి పెట్టుకుని చూసుకుంది. మా హెడ్ క్లర్కు ఊడదీయడం చేతకాక టీ కూడా అందులోనే తాగాడు.

ఆ జీపు డ్రైవర్ కొమురయ్య టెంపరరీ. టౌనులోనూ పల్లె రోడ్డు మీదా నడిపించి చూసి, బెల్టు వాడకంతో సహా అన్నీ సరిగా ఉన్నాయని నేను సర్టిఫికెట్ ఇస్తేనే పర్మనెంటు అవుతాడు. టౌను పరీక్షలో అతనికి తిరుగులేకపోయింది. పోలీసు కనిపించినప్పుడల్లా బెల్టు మీద చెయ్యి వేసి మరీ చూపించాడు.

పల్లె పరీక్షకు ములుగు రోడ్డు పెట్టాను. తీరా చూస్తే ముందు సీట్లో నా చోట పెద్ద బెల్లం దిమ్మ కూర్చుని ఉంది, పసుపు కుంకుమలతో, బెల్టు పెట్టుకుని. మేడారం జాతర దగ్గరపడింది. కూతురికి జ్వరం తగ్గితే ఆ పిల్ల ఎత్తు బంగారం ఇస్తానని కొమురయ్య మొక్కుకున్నాడట. అమ్మవార్లకిచ్చే బెల్లాన్ని బంగారమనే అనాలి. ములుగులో బావమరిదికి అప్పగిస్తే అతను ఎడ్లబండి మీద తీసుకుపోతాడు. "కాళ్ల కాడ పెట్టరాదు సార్, తప్పయితది" అన్నాడు. అమ్మవార్లతో నాకెందుకు పేచీ? వెనక బల్ల సీటు మీద కూర్చున్నాను.

టౌను దాటీ దాటగానే కొమురయ్య తన బెల్టు తీసేశాడు. పెట్టుకోమన్నాను.

"గీడ ఎవల్ని గుద్దుతం సార్? జర గాలి తగలనీయుండ్రి."

నేను గట్టిగా చెప్పాల్సింది. బుద్ధిగా బెల్టు పెట్టుకున్న బెల్లాన్నీ, ఊడదీసుకున్న మనిషినీ పక్కపక్కన చూసి నవ్వుతూ ఊరుకున్నాను. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఐదోది ఆ రోడ్డు మీద చూశాను.

మలుపులో బర్రె అడ్డమొచ్చింది. కొమురయ్య బ్రేకు తొక్కాడు. బ్రేకులు బాగానే పనిచేశాయి, ఆ మాట బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా చెబుతున్నాను. జీపు ఆగింది, మేం ఆగలేదు. కొమురయ్య నుదురు అద్దానికి కొట్టుకుంది. నేను ఎగిరి ముందు సీటు మీద పడి బెల్లాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను. బర్రె మమ్మల్ని ఒకసారి చూసి, నెమరేసుకుంటూ వెళ్ళిపోయింది.

ముఖమంతా నెత్తురు. కళ్ళు తెరిచి అతను అడిగిన మొదటి మాట: "సార్, బంగారం పగిలిందా?"

పగల్లేదు. నాకు నవ్వు పట్టుకుంది, అతనికీ పట్టుకుంది. అది భయంతో వచ్చిన నవ్వని, ములుగు దవాఖానలో అతనికి కుట్లు వేస్తుంటే తెలిసింది. ఇంకొంచెం జోరుగా పోతూ ఉంటే ఆ పిల్లకు తండ్రి ఉండేవాడు కాదు.

సర్టిఫికెట్ ఇవ్వలేదు. "టౌనులో పాసు, పల్లెలో ఫెయిలు" అని రాసి, పరీక్షాధికారి నియమం అమలు చేయలేదని నా మీద నేనే మరో వాక్యం చేర్చాను. దానికి నాకు మెమో వచ్చింది. కొమురయ్య నెల తర్వాత మళ్ళీ పరీక్షకు వచ్చి పాసయ్యాడు.

బెల్టు ఎందుకో డ్రైవర్లకు తెలియదనుకుని అంతవరకూ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. కొమురయ్యకు బాగా తెలుసు. పగలకూడని దాన్ని బిగించి కట్టాలని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పగిలేవాటిలో తనూ ఉన్నాడని చెప్పాల్సినవాణ్ణి నేను.