లక్ష్మిలో ఎన్ని అక్షరాలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక రకమైన ధైర్యం ఉంటుంది. ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చేది కాబట్టి దానికి కొరత ఉండదు. ఆ రోజుల్లో నా దగ్గర అది పుష్కలంగా ఉండేది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీ, ఆరు నెలల ప్రొబేషన్, అందులో ఐదు గడిచిపోయాయి. ఆరో నెల చివర మా టీమ్ లీడ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే అనంతపురం బస్సు ఖాయం. (రెండింటిలో బస్సునే ఎక్కువ నమ్మవచ్చని మా నాన్న అభిప్రాయం.)

మా కంపెనీ తయారుచేసేది, ఇతరులు రాసిన ప్రోగ్రాములను చదివి తప్పున్న మాట కింద ఎర్ర గీత గీసే ఒక సాధనం. "అంటే నా ఉద్యోగమే కదరా, కాకపోతే నీకు ఏసీ" అంది మా అత్త. ఆమె హైస్కూల్లో తెలుగు టీచరు. ఆ గీత సరైన చోట పడాలంటే ఆ మాట ఫైలు మొదటి నుంచి ఎన్నో అక్షరం దగ్గర ఉందో తెలియాలి. మా సాధనం ఏం చేసేదంటే, మీట నొక్కిన ప్రతిసారీ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకునేది. ఫైలు పెద్దదైతే గీత వచ్చేలోపు కిందికి వెళ్లి టీ తాగి రావచ్చు. ఈ జబ్బు కుదిర్చే పని నా మీద పడింది. మా లీడ్‌ని అందరం స్కేలు మేడమ్ అనేవాళ్లం. ఆమె టేబుల్ మీద ఎప్పుడూ ఒక ఇనుప స్కేలు ఉండేది. వాళ్లది మూడు తరాలుగా చిక్కపేటలో బట్టల అంగడి. చేయాల్సిందేమిటో ఆమె ఒక్క నిమిషంలో చెప్పేసింది: "తానులో పదో మీటరు కొలిచినాక పదకొండోది కావాలంటే మా తాత మళ్లా మొదట్నుంచి కొలుస్తా ఉండెనా? వేలు పెట్టిన కాడ్నుంచి ముందుకు పోవాలప్పా. నడుమ గుడ్డ అతికిస్తే అంత కలుపు, కోసేస్తే అంత తీసెయ్. అంతే."

వారంలో చేసేశాను. గీత మెరుపులా వచ్చేది. మేడమ్ చూసి "పర్వాలేదప్పా" అంది. ఆమె నోట అది పెద్ద బిరుదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ సాయంత్రం ఊరికే 'లక్ష్మి' అని టైపు చేసి ఎన్ని అక్షరాలో అడిగితే కంప్యూటరు ఏడు అంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ముక్కలు ముక్కలుగా విరిచి లెక్కపెట్టింది. నాకు జాలేసింది. యంత్రమే కదా పాపం, దానికి తెలుగు ఎవరు నేర్పారు? ల, క్ష్మి, రెండు. ఒత్తులు విడిగా లెక్కపెట్టినందుకు రెండో తరగతిలో మా అత్త నా చెవి పిండిన సంగతి చెవికి ఇంకా గుర్తుంది. కూర్చుని, తెలుగు కనబడితే అక్షరాన్ని అక్షరంగానే లెక్కపెట్టేలా వంద లైన్లు రాసి అందులో చేర్చాను. ఎవరికీ చెప్పలేదు. (భాషాసేవ గుప్తంగా చేయాలని నా ఉద్దేశం.)

ఆ పై వారమే కొనుగోలుదారుకు చూపించే రోజు. వచ్చినాయన శుభలేఖలు అచ్చువేసే పెద్దాయన. కార్డులు తయారుచేసే ప్రోగ్రామును ఆయనకు కాబోయే అల్లుడే రాశాడు. "పిల్లోడు బాగా రాసినాడా లేదా సుమ్మనే, ఊరికే చూస్తామని వచ్చినా" అన్నాడు. పరీక్ష ఎవరికో నాకప్పుడే అర్థమైంది. ఫైల్లో కూతురి పెళ్లి పత్రికే ఉంది: వధువు, వరుడు, ముహూర్తం, విందు. దాని కింద అల్లుడు ప్రోగ్రాము అవసరానికని ఏదో ఒక పేరు పెట్టి, దాన్ని ఎక్కడా వాడకుండా వదిలేశాడు. అదొక్కటే తప్పు. గీత దాని కింద పడాలి. పడింది విందు కింద. పక్కనే సందేశం: "ఇది ఎక్కడా ఉపయోగపడటం లేదు. తొలగించవచ్చు."

"ఏమప్పా, భోజనాలు వద్దంటా ఉండాదా?" అన్నాడాయన. నేను నవ్వాను. మేడమ్ నవ్వలేదు. ఆయన ఏమీ అనుకోకుండా, దేవుడి పేరు మరిచానంటూ పత్రిక పైన శ్రీలక్ష్మీ వేంకటేశ్వర ప్రసన్న అని కొట్టడం మొదలుపెట్టాడు. స్క్రీను లెక్కలో ప్రతి ఒత్తూ ప్రతి గుణింతమూ విడివిడిగా కలుస్తున్నాయి, నా లెక్కలో అక్షరానికి ఒకటే. దాంతో గీత వెనకపడిపోతూ ఒక్కో మెట్టే పైకెక్కింది. విందు దాటింది. ముహూర్తం దాటింది. ఆయన భక్తితో చివరి ఒత్తు కొట్టేసరికి వచ్చి వరుడి పేరు కింద స్థిరపడింది. "ఇది ఎక్కడా ఉపయోగపడటం లేదు. తొలగించవచ్చు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. "మా ఇంటామె నెల్రోజులుగా ఇదే మాట అంటా ఉండాది. ఆయమ్మ చెప్పి రాపిచ్చిందా?" అని అడిగాడు. ఏదో ఒకటి అనాలి కదా అని, "తప్పు నిజమే సార్, కాకపోతే చోటే వేరు" అన్నాను. అది ఇంకా అన్యాయంగా వినిపించింది.

ఆయన వెళ్లాక మేడమ్ స్కేలు చేతిలోకి తీసుకుంది. "లక్ష్మిలో ఎన్ని?" "రెండు మేడమ్." "స్క్రీనుకు?" "ఏడు." "గీత గీసేదెవరు?" "స్క్రీను." "మరి రెండు ఎవరికప్పా?" నిజం చెప్పేశాను: "మా అత్తకు మేడమ్."

ఆమె తల పక్కకు తిప్పుకుంది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు. నా వంద లైన్లూ నాచేతనే చెరిపించింది. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించింది. ఆ మూడు నెలలూ నేను ఒత్తులు లెక్కపెట్టాను. చివరి రోజు సంతకం పెడుతూ, "కొలిచే ముందు ఎవరి గజంతో కొలుస్తా ఉండావో అడుగు" అంది. పెద్దాయన మా సాధనం కొన్నాడు. పెళ్లీ జరిగింది. వరుణ్ని తొలగించలేదు.

ఇప్పుడు నేనూ ఇతరుల ప్రొబేషన్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఈ మధ్య ఒక కొత్త ఎడిటర్‌లో తెలుగు టైపు చేస్తుంటే, బాణం మీట నొక్కగానే కర్సరు 'క్ష్మి'ని ఒక్క గెంతులో దాటేసింది. కర్సరు కదిలేటప్పుడు అలాంటివాటిని ఒకే అక్షరంగా చూడాలని లోకంలోని పెద్దలు కూర్చుని నిర్ణయించారట. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు నవ్వుకున్నాను. ఎర్ర గీత ముందు తలవంచుకు నిలబడ్డ ఆనాటి కుర్రాడి దగ్గరికి వెళ్లి, నువ్వు చెప్పింది మరీ అంత తప్పేమీ కాదురా అని చెప్పాలనిపించింది. కానీ వాడి సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెవిన పడితే ఇంక వాణ్ని పట్టలేం.