మేడ మీద వాటా

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో నన్ను గుంటూరు నుంచి ఒంగోలులోని ఒక శిక్షణ కేంద్రానికి ఫ్యాకల్టీగా వేశారు. కొత్తగా ఎంపికైన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు సామాజిక వివక్ష మీద పాఠం చెప్పాలి. భోజనాల తర్వాతి పీరియడ్ కావడంతో సగంమంది కునికేవారు. వాళ్ళనేం తప్పుపట్టను, ఆ స్లైడ్లు చూస్తే నాకే నిద్రొచ్చేది.

సూపర్‌వైజరు తన పరిధిలోని కేంద్రాలకు దగ్గర్లో కాపురముండాలి. చిరునామా చూపించి గడువులోగా చేరకపోతే ఎంపిక రద్దవుతుంది. గడువు దగ్గరపడుతుండగా షమీమ్ అనే అమ్మాయి లేచింది. చీమకుర్తి అవతల తనకిచ్చిన ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం లేదనీ, ఉద్యోగం వదులుకుంటాననీ చెప్పింది. వాళ్ళింట్లో గవర్నమెంటు ఉద్యోగం రావడం ఆమెతోనే మొదలు. నా ప్రాణం ఉసూరుమంది.

అదే బ్యాచ్‌లో ఉన్న శ్రావణిది ఆ ఊరే. రిటైరైన టీచరుగారి కూతురు. "వెతికితే దొరక్కపోవడమేంటండీ! మా వీధిలోనే టులెట్ బోర్డులున్నాయి," అంది.

నేను పాఠం ఆపేశాను. ఆదివారం ఇద్దరినీ ఆ వీధికి వెళ్ళి రమ్మన్నాను. ప్రతి ఇంట్లో ముందు షమీమ్ అడగాలి. కాసేపాగి, స్నేహితురాలి కోసమంటూ శ్రావణి అడగాలి.

సోమవారం శ్రావణే లేచి చెప్పింది. గుమ్మంలోనే "మీరేవిట్లమ్మా?" అని షమీమ్‌ను కులమేమిటో అడిగారట. జవాబు విన్నాక, వాటా ఎవరికో ఇచ్చేశామన్నారట. తనను చూడగానే మాత్రం "మాస్టారి అమ్మాయివి కదూ, రా" అంటూ తాళాలు తెచ్చారట. ఆ స్నేహితురాలు షమీమేనని చెబితే, "మాకేం లేదమ్మా, మీ నాన్నగారేమనుకుంటారోనని" అని నసిగారట.

అప్పుడు షమీమ్ మెల్లగా అంది. "మీ మేడ మీద వాటా కూడా అడిగానండీ, పోయిన వారం. మీ నాన్నగారు ఖాళీ లేదన్నారు."

ఆ వాటా ఖాళీగానే ఉందని శ్రావణికి తెలుసు.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్ళి తండ్రిని నిలదీసింది. "నాకేం పట్టింపు లేదమ్మా, చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారోనని," అన్నారట ఆయన.

"వాళ్ళు నీ పేరు చెబుతున్నారు నాన్నా," అందట ఈమె.

మాస్టారు చిరాగ్గా లేచి లోపలికి వెళ్ళిపోయారట. తర్వాత ఏమనుకున్నారో, తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. గడువు దాటకుండా షమీమ్ ఆ చిరునామాతోనే ఉద్యోగంలో చేరింది.

అంతకుముందు నేను "మీకు జరిగిన అన్యాయం చెప్పండి" అని పాఠం మొదలుపెట్టేవాణ్ణి. చెప్పడానికి అందరికీ ఏదో ఒకటి ఉండేది. ఆ బ్యాచ్ తర్వాత, రిటైరయ్యేదాకా, "మీకు అడక్కుండానే దొరికిందేమిటో చెప్పండి" అని మొదలుపెట్టేవాణ్ణి. జవాబు కోసం తొందరపెట్టేవాణ్ణి కాదు. ఆలోచన తమ ఇంటి గుమ్మం దాకా రావడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది.