చెన్నై నుంచి కొలంబోకి గంటంపావు

దయ్యాలు, శకునాలు అంటే నాకు నవ్వొచ్చేది. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఇప్పుడు కూడా అలాంటివి నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

అప్పట్లో పాల్వంచలో కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. వెనక గోడ దాటితే అడవే. మావారు బాయిలర్ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్. పాప ఇంకా బోర్లా పడుతున్న రోజుల్లో ఆయన్ను కొలంబో పంపారు. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ విమానం ఎక్కలేదు. భయంతో నాకు అన్నం సయించలేదు.

చెన్నై నుంచి కొలంబోకి సుమారు ఏడు వందల కిలోమీటర్లు, గంటంపావు ప్రయాణం అని ఆయన నచ్చజెప్పారు. మా అత్తమ్మయితే వెక్కిరించింది.

"ఏందే పిల్లా, గా ఏడుపు? నువ్వు ఈడ బస్సెక్కి ఖమ్మంల దిగేలోపు వాడు సముద్రం దాటి దిగుతడు."

దిగగానే ఫోన్ చేస్తానన్నారు. సెల్ లేదు. పొద్దున తొమ్మిదింటికి విమానం. పదిన్నర దాటాక ఇంట్లో ఫోన్ మోగింది.

"దిగిన. భయపడకు. పాప పాలు తాగిందా?"

గొంతు ఆయనదే. వెనక ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ రిసీవర్ లాక్కుని "తిన్నవా కొడుకా?" అంది. "అవ్ అమ్మా, తిన్న" అన్న జవాబు పక్కనున్న నాకూ వినిపించింది. అత్తమ్మ అక్కడే మోకరించి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. నేను ఆ పూట కడుపు నిండా తిన్నాను.

సాయంత్రం మళ్ళీ ఆయనే. చుట్టూ గోల.

"ఇంకా చెన్నైలనే ఉన్న. విమానం ఎక్కించి, తలుపులేసి, మధ్యాహ్నం దాకా గట్లనే కూసోబెట్టి దింపేసిండ్రు. ఇంజన్ల ఏదో తేడా ఉందంట. రేపు వేరేదాంట్ల పంపిస్తరంట."

"మరి పొద్దున దిగిన అన్నరు గద?"

"నేనెప్పుడు చేసిన? ఇప్పుడే బూత్ దొరికింది."

అత్తమ్మ కూడా మాట్లాడిందని చెప్పాను. మాకు ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆయన విమానంలోనే, మూసి ఉన్న తలుపుల వెనక, బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

మా దగ్గర దిగిన అంటే చేరినట్టే. అందుకే ఎక్కడ అని అత్తమ్మా అడగలేదు, నేనూ అడగలేదు. ఆ గొంతు చెప్పింది కొలంబోలో దిగడమో, విమానంలోంచి దింపేయడమో, అదింకా జరగకముందే ఎలా చెప్పిందో నాకు తెలియదు.

మర్నాడు మళ్ళీ ఎక్కాలి. వద్దని ఏడ్చాను. ఉద్యోగం పోతుందన్నారు. పాపను ఒళ్ళోంచి దించకుండా ఫోన్ పక్కనే కూర్చున్నాను. మోగింది.

"దిగిన."

"ఎక్కడ?"

"కొలంబోల. ఇంకెక్కడ దిగుతనే?"

నమ్మలేకపోయాను. పాపకు పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పమన్నాను.

"పిచ్చి లేసిందా? ఎడమ మడమ మీద" అని నవ్వారు. అప్పటికి ఊపిరి తిరిగింది.

పాప ఇప్పుడు బడికి పోతోంది. అది నిద్రపోయాక ఒక్కో రాత్రి నాకు నిద్ర పట్టదు. ముందు రోజు గొంతును అదే ప్రశ్న అడిగి ఉంటే, అది కూడా సరిగ్గానే చెప్పేదేమో.